పట్టీ కింద తెల్లపొడి

ఆ రోజు చెయ్యాల్సిన పనులు ఆమె జేబులోని చిన్న పుస్తకంలో ఇలా ఉన్నాయి:

రెండో మెషీను, ఎడమ వెనక సిలిండరు. పట్టీ విప్పి చూడాలి.
టార్చికి కొత్త బ్యాటరీలు.
స్టోరులో ఫెల్టు వచ్చిందేమో అడగాలి.
అమ్మ కళ్ళజోడు తేవాలి. ఈ రోజు కూడా మర్చిపోతే ఇంటికి వెళ్ళకపోవడమే మేలు.
బాబాయ్ వీడ్కోలు సభకి నాలుగు మాటలు రాయాలి. అబద్ధాలు వద్దు. ఏడుపు వద్దు.

వీటిలో ఆ రోజు పూర్తయింది మొదటిది ఒక్కటే. ఆ ఒక్కటీ నిరుడే చేసి ఉంటే బాగుండేదని తర్వాత ఆమె ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

పోయిన వారం మనం ఆమెను హెలికాప్టరు పొట్ట కింద, కడిగిన నేల మీద, మోకాళ్ళ మీద వంగి ఉండగా వదిలాం. మెషీనుని మంచినీళ్ళతో కడుగుతుంటే సిలిండరుకి చుట్టిన పట్టీ అంచు నుంచి దారమంత సన్నటి తెల్లచార ఒకటి దిగడం ఆమె కంటబడింది. చీకటి పడింది, మిగతాది రేపు చూసుకుందాం అంటూ ఇన్‌ఛార్జి లైట్లు ఆర్పేశాడు. ఆ రేపు ఇదే.

సముద్రం నడుమ నూనె బావుల దగ్గరికి మనుషుల్ని చేరవేసే రెండు హెలికాప్టర్లు ఆ షెడ్డులో ఉంటాయి. ఖర్మ కాలి నీళ్ళ మీద దిగాల్సి వస్తే మెషీను మునిగిపోకుండా దాని పక్కల నుంచి పెద్ద పెద్ద సంచులు ఉబ్బి లేస్తాయి. ఫ్లోట్లంటారు వాటిని. వాటిని నింపే గ్యాసు మెషీనుకి మూడేసి అల్యూమినియం సిలిండర్లలో బిగబట్టి ఉంటుంది. ఉప్పుగాలి ఆ సిలిండర్లను తినేయకుండా చూడడమే ఆమె ఉద్యోగం. ప్రతిదాన్నీ భూతద్దం పెట్టి చూస్తుందని షెడ్డులో ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. ఆమె మర్నాడు నిజంగానే ఒక భూతద్దం కొని, తాడు కట్టి మెడలో వేసుకొచ్చింది. ఎగతాళి ఆగిపోయింది, పేరు మిగిలిపోయింది.

ఆ ఉదయం ఒకటో మెషీను పదింబావుకి బయలుదేరాలి. ప్రయాణికుల గదిలో పదకొండు మంది నారింజరంగు సూట్లు తొడుక్కుని, బరువు చూసే యంత్రం ముందు వరసలో నిలబడ్డారు. అందరికంటే వెనక వంటాయన. నూనె బావి మీద పనివాళ్ళకి రెండు వారాలు వండిపెట్టి, రెండు వారాలు ఇంటిదగ్గర ఉండి వెళ్ళే మనిషి. సూటు జిప్పు పొట్ట దగ్గరికి వచ్చి ఆగింది. దాన్ని లాగుతూనే అలవాటు ప్రకారం అడిగాడు.

"ఏమ్మా భూతద్దం, మునిగితే తేలుతుందా?"

"తేలుతుంది అన్నయ్యా."

"నన్ను కూడా కలుపుకుని చెప్పు. యంత్రం ముల్లు ఎంతవరకు వెళ్ళిందో చూశావుగా."

"మిమ్మల్ని కలుపుకునే చెప్తున్నా. అంతగా భయమైతే ఈత నేర్చుకోవచ్చుగా."

"ఈతా? కుండలో నీళ్ళు పొంగితేనే వెనక్కి దూకే మనిషిని నేను. నువ్వు తేలుతుందను, చాలు. ఎక్కగానే పడుకుంటా." జిప్పు ఎట్టకేలకు కదిలింది. "అన్నట్టు, మా చిన్నమ్మాయి కూడా నీలాగే మెషీన్ల చదువు చదువుతానని కూర్చుంది. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మనిషి లేడు. తిరిగొచ్చాక నీతో ఓసారి మాట్లాడిస్తా."

"తప్పకుండా. సెలవు రోజు చూసి తీసుకురండి."

ఆమె తేలుతుందని ఊరికే అనలేదు. ఆ మాట అనడానికి ముందే ఒకటో మెషీను తనిఖీ కార్డు తిరగేసి చూసింది. పదిరోజుల కిందటి తేదీ. 'మూడు సిలిండర్లు. పట్టీలు విప్పి చూడడమైనది. తుప్పు లేదు.' కింద, ఈ రెండేళ్ళుగా ఏటా తనిఖీ చేస్తున్న పెద్దమేస్త్రి సంతకం. ఆయన సంతకం ఉందంటే ఇక దేవుడు దిగివచ్చి చెప్పినా ఆమె రెండోసారి అడగదు.

మెషీను లేచింది. తలుపులు దడదడలాడి ఊరుకున్నాయి. ఆమె టార్చి పట్టుకుని రెండో మెషీను కిందికి దూరింది.

తుప్పంటే ఎర్రగా ఉంటుందని లోకం అనుకుంటుంది. ఇనుముకైతే అంతే. అల్యూమినియానికి పట్టేది తెల్లగా, గోడ నుంచి రాలిన సున్నంలా ఉంటుంది. చూడ్డానికి సాధువు. చేసేది మాత్రం చెదపురుగు పని. పైన చుక్కంత కనిపించిందంటే లోపల గుంట తవ్వుకుంటూ పోయిందన్నమాట.

ముందు బోల్టు మీదున్న గోధుమరంగు గ్రీజును పాత గుడ్డతో తుడిచింది. అక్కడే ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పట్టీ బోల్టు బిగించాక బోల్టు తల మీద నుంచి పట్టీ మీదికి ఒకే గీతగా రంగు పెడతారు. దాన్నే బొట్టు అంటారు. ఎవరైనా బోల్టు తిప్పితే గీత తెగుతుంది. ఏడాదికో రంగు. ఈ ఏడు ఆకుపచ్చ, నిరుడు పసుపు, ముందటేడు ఎరుపు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. పన్నెండేళ్ళ కిందట పెద్దమేస్త్రి పెట్టింది. "కాగితం మొహమాటానికి అబద్ధమాడుతుంది. రంగుకి మొహమాటం తెలీదు" అనేవారాయన.

గ్రీజు కింద ఆకుపచ్చ లేదు. పసుపు లేదు. ఎర్రగీత ఉంది. ఎక్కడా తెగలేదు.

భూతద్దం పెట్టి చూసింది. పెట్టక్కర్లేదు కూడా. గీత చివర చిన్న తోక కుడిపక్కకి వంగి ఉంది. షెడ్డు మొత్తంలో ఎడమచేత్తో రంగు పెట్టేది తనొక్కతే.

అంటే రెండేళ్ళ కిందట తను బిగించాక ఈ పట్టీని మనిషన్నవాడు ముట్టుకోలేదు. కార్డులో మాత్రం నిరుడొకసారి, ఈ ఏడు ఒకసారి 'విప్పి చూడడమైనది' అని ఉంది.

రెంచి తగిలించి తిప్పింది. ఎర్రగీత తెగింది. పట్టీ వదులవగానే సిలిండరుకీ పట్టీకీ మధ్య ఒరుసుకోకుండా పెట్టే ఫెల్టు, అంటే దళసరి ఉన్నిగుడ్డ ముక్క, ఊడి రాలేదు, అతుక్కుపోయి ఉంది. గోటితో లేపితే పొరలుగా లేచింది. దాని కింద చుట్టూతా తెల్లపొడి. పొడి తుడిస్తే గుంటలు. లోతు కొలిచే సూదిని ఒక్కో గుంటలో దింపి ముల్లు చూసింది. మూడో గుంట దగ్గర ఇక కొలవడం మానేసింది. ఉండనివ్వదగ్గ లోతుకి అది రెండింతలు. సిలిండరు గేజీ మాత్రం ఏమీ ఎరగనట్టు ఆకుపచ్చ గడిలోనే నిలబడి ఉంది. గ్యాసుకేం, నిండుగానే ఉంది. కానీ మెషీను నీళ్ళను బలంగా కొట్టుకున్న రోజున ఈ పల్చబడ్డ గోడ ఆ అదురుకి ఆగుతుందని ఎవరూ రాసివ్వలేరు. ఆగకపోతే ఆ పక్క సంచులు లేవవు. ఒక పక్కే లేచిన మెషీను బోర్లా పడుతుంది.

ఫెల్టు ముక్కని అరచేతిలో పెట్టుకుని ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

అది పాత ఫెల్టు. తనకి గుర్తుంది. సంతకం పెట్టే అధికారం చేతికొచ్చిన మొదటి రోజు అది. రెండు మెషీన్లవీ కలిపి ఆరు సిలిండర్లు. ఆరు పట్టీలూ తనే విప్పింది, మంచినీళ్ళతో కడిగింది, తనే బిగించింది. పాత ఫెల్టు తిరిగి పెట్టకూడదని పుస్తకంలో ఉంది. ఏళ్ళ తరబడి పీల్చుకున్న ఉప్పు దానిలోనే ఉంటుంది. స్టోరుకి వెళ్తే కొత్తది లేదన్నారు, వారం పడుతుందన్నారు. మొదటి రోజే 'పని పూర్తి కాలేదు' అని రాయడానికి నామోషీ అనిపించింది. ఆ ముక్కల్ని మళ్ళీ మళ్ళీ కడిగి, కిటికీ అంచున ఎండలో ఆరబెట్టింది. చేతికి పొడిగా తగిలాయి. పెట్టేసింది. వారం తర్వాత కొత్త ఫెల్టు వస్తే మార్చేద్దామనుకుంది. వారం వెళ్ళింది, నెల వెళ్ళింది, పైనేమీ కనిపించలేదు, మరుగున పడిపోయింది.

ఆ రోజు తను రాసిన కార్డు నకలు ఒకటి ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆమె తండ్రి జీవితమంతా బస్తాలు మోసి, ఎక్కడికెళ్ళినా వేలిముద్ర వేసిన మనిషి. కూతురి మొదటి సంతకం కావాలని అడిగి తీసుకుని బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాడు. చొక్కా తీసుకున్నప్పుడల్లా చూసుకుంటాడు. వేలిముద్ర పడాలంటే వేలు అక్కడ ఉండి తీరాలి. సంతకానికి ఆ నిబంధన లేదని ఆయనకి తెలియదు. ఆమెకీ ఇవాళే తెలిసింది.

"టీ చల్లారిపోతోంది అమ్మాయ్."

పెద్దమేస్త్రి. రెండు గ్లాసులూ ఒక పళ్ళెంలో పెట్టి, పళ్ళెం ఎడమచేత్తో పట్టుకుని వచ్చారు. పళ్ళెం బల్ల మీద పెట్టి, తన గ్లాసు రెండు చేతుల మధ్యా ఇరికించుకుని ఎత్తారు. ఏడాదిగా చూస్తున్నదే. చలికేమో అనుకునేది.

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. రిటైరవడానికి ఇంకా పదకొండు రోజులు. ఆమె చదువు పుస్తకాల్లో నేర్చుకుంది గానీ చెయ్యి ఈయన దగ్గరే నేర్చుకుంది. షెడ్డులో అందరూ మేస్త్రిగారూ అంటారు. ఆమె ఒక్కతే బాబాయ్ అంటుంది.

"బాబాయ్, ఇలా వచ్చి చూడండి."

ఆయన వంగి చూశారు. తెల్లపొడి చూశారు, తెగిన ఎర్రగీత చూశారు, ఆమె అరచేతిలోని ఫెల్టు చూశారు. తర్వాత గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని, పక్కనున్న స్టూలు కాలితో లాక్కుని కూర్చున్నారు.

"ఎర్రరంగు," అందామె.

"కనిపిస్తూనే ఉంది. గుడ్డివాణ్ణి కాలేదు ఇంకా."

"కార్డులో రెండుసార్లు మీ సంతకం ఉంది."

"ఉంది."

"విప్పలేదా?"

ఆయన కుడిచేతిని మోకాలి మీద పరిచి పెట్టారు. బొటనవేలూ చూపుడువేలూ కలపబోయారు. కలవలేదు. మధ్యలో ఈగ దూరేంత సందు.

"రెండేళ్ళు దాటింది. రెంచి పడితే జారిపోతోంది. గ్లాసు పడితే తెలీడం లేదు, పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకోవాలి. డాక్టరు దగ్గరికెళ్తే కాగితం రాసిస్తాడు. ఆ కాగితం ఇన్‌ఛార్జి బల్ల మీదికొస్తే నన్ను స్టోరులో కుర్చీ వేసి కూర్చోబెడతారు. స్టోరువాడితో రోజంతా కబుర్లేం చెప్పను? వాడికి క్రికెట్టు తప్ప ఏమీ తెలీదు."

నవ్వించబోయారు. ఆమె నవ్వలేదు.

"నన్ను అడిగుంటే నేను విప్పేదాన్ని కదా బాబాయ్. ఒక్క మాట."

"నోరు రాలేదమ్మాయ్. నీకు రెంచి పట్టడం నేర్పింది నేను. నిన్నే పిలిచి, నాకు పట్టుకోవడం రావట్లేదు, కాస్త పట్టమని ఎలా అడగను?"

"అడగకపోతే మానె. వదిలెయ్యాల్సింది. చూశానని రాయడం ఎందుకు?"

ఆయన గ్లాసుని మోకాలి మీద ఆనించారు.

"వేరేవాళ్ళు కట్టినవైతే రాసేవాణ్ణి కాదు. నిజం చెప్తున్నా. పట్టీ దగ్గరికొచ్చి కూర్చున్నాను, గీత చూశాను. తోక కుడికి వంగి ఉంది. ఇది నా పిల్ల కట్టిన పట్టీ. ఈ పిల్ల కట్టాక ఇక చూసేదేముంటుంది అనుకున్నాను. కాస్త గ్రీజు పూసి లేచిపోయాను. నిరుడూ అదే, మొన్నా అదే."

తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. బుకాయించినా తట్టుకునేది. దీన్ని మాత్రం తట్టుకోలేకపోయింది. తన చేతి మీద నమ్మకంతో ఆయన చూడలేదు. ఆయన సంతకం మీద నమ్మకంతో తను చూడలేదు. ఒకరినొకరు అంతగా నమ్ముకున్న ఆ రెండేళ్ళూ ఆ నమ్మకం కింద ఉప్పు తన పని తను చేసుకుపోయింది.

"ఇది పాత ఫెల్టు బాబాయ్," అంది. "ఆ రోజు కొత్తది లేదు. కడిగి, ఎండబెట్టి పెట్టేశాను. మీకు చెప్పలేదు."

ఆయన తలెత్తారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ముఖంలో ఎవరూ చూడనిది ఆమె ఆ క్షణాన చూసింది. కోపం కాదు. దారి తెలిసిన మనిషి తన వీధిలోనే దారి తప్పినప్పుడు చూసే చూపు.

"పాతదా," అన్నారు, అంతే.

దూరంగా ఎవరో పారతో నీళ్ళు నెడుతున్న చప్పుడు.

"అమ్మాయ్," గొంతు తగ్గించారాయన, "స్టోరులో కొత్త సిలిండరు ఒకటుంది. గంటలో మార్చేయచ్చు. కొత్త పట్టీ, కొత్త ఫెల్టు, ఆకుపచ్చ బొట్టు. దీన్ని పాతసామాను కిందికి పంపేద్దాం. మెషీను నిక్షేపంగా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. పదకొండు రోజులే కదా. ముప్ఫై నాలుగేళ్ళు మంచివాడు అనిపించుకున్నవాణ్ణి, పోయేముందు..." మాట పూర్తి చెయ్యలేదు. "నీకూ మంచిదే. ఆ మొదటి కార్డు మీదున్నది నీ సంతకమేగా."

ఆమె కాదనలేదు. ఇక్కడ ఆమెను వెనకేసుకు రావడం కుదరదు. సరే అనడానికి నోరు తెరిచింది కూడా. బీరువా తలుపు కళ్ళముందు మెదిలింది, చొక్కా తీసుకుంటున్న నాన్న మెదిలాడు, వీడ్కోలు సభలో దండ బరువుకి వంగిన ఈయన మెడ మెదిలింది.

"ఏం భూతద్దం, పురాణ కాలక్షేపమా?" ఇన్‌ఛార్జి తలుపు దగ్గర నిలబడి గడియారం మీద వేలు కొడుతున్నాడు. ఆయన వేలు పెట్టని గడియారం ఆ షెడ్డులో లేదు. "పన్నెండుకి నాకు రెండో మెషీను బయట ఉండాలి. ఉంటుందా, ఉండదా?"

"చెప్తాం సార్," అన్నారు పెద్దమేస్త్రి, ఆమె కంటే ముందు.

"చెప్తాం కాదు మేస్త్రిగారూ, ఉంటుంది అనాలి." ఇన్‌ఛార్జి వెళ్ళిపోయాడు.

ఆ 'ఉంటుంది' ఆమె చెవిలో ఇంకోలా మోగింది. తేలుతుంది. తేలుతుంది అన్నయ్యా. మిమ్మల్ని కలుపుకునే చెప్తున్నా.

ఆరు సిలిండర్లు. ఆరు పాత ఫెల్టులు. కిటికీ అంచున వరసగా ఆరబెట్టిన ఆరు ముక్కలు. ఇక్కడ మూడు. మిగతా మూడు?

"బాబాయ్." ఆమె లేచి నిలబడింది. "ఒకటో మెషీను పట్టీలు విప్పారా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. పెట్టాననుకున్నారు. అది బల్ల అంచు మీద పడి, దొర్లి, నేల మీద పగిలింది. ఆయన దానివైపు చూడలేదు.

"బాబాయ్, మిమ్మల్నే. ఒకటోది కూడా నేను కట్టిందే. విప్పారా?"

"తోక కుడికే ఉందమ్మాయ్," అన్నారాయన. గొంతు వినిపించీ వినిపించనట్టుంది. "మూడింటికీ."

గోడ మీద గడియారం పదీ నలభై. ఒకటో మెషీను బయలుదేరి ఇరవై అయిదు నిమిషాలు. ఇంకా అంతసేపు ప్రయాణం. అంటే సరిగ్గా నడి సముద్రం.

ఆమె ఫెల్టు ముక్కని పిడికిట్లోనే పట్టుకుని కంట్రోలు గదికి పరిగెత్తింది. ఏం చెప్పాలో దారిలోనే నిశ్చయించుకుంది. మొత్తం చెప్పాలి, మొదట తన పేరుతో మొదలుపెట్టి. మెషీనుని వెనక్కి రమ్మనాలి, దిగగానే పక్కన పెట్టేయాలి. ఇంజన్లు బాగున్నాయి, ఆకాశం బాగుంది, ఫ్లోట్లతో ఇవాళ పని పడాల్సిన అవసరమే లేదు. ఇన్నాళ్ళూ పడలేదు. ఈ ఒక్క గంట పడకుంటే చాలు. వెనకనుంచి పెద్దమేస్త్రి అడుగులు వినిపిస్తూనే ఉన్నాయి. "ఆగమ్మాయ్, నేనూ వస్తున్నా. నేనే చెప్తా." ఆమె ఆగలేదు.

కంట్రోలు గదిలో రేడియో ముందు కూర్చున్నామె, మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తింది. స్పీకరులోంచి ఒకటో మెషీను పైలట్ గొంతు వస్తోంది. తాపీగా, పక్కింటివాళ్ళని పంచదార అడుగుతున్నట్టుంది.

"గేరు పెట్టెలో నూనె ఒత్తిడి తగ్గినట్టు ఎర్రలైటు వెలిగింది. దీపమే చెడిందో, నిజంగానే తగ్గిందో తెలీదు. వెనక్కి తిప్పుతున్నాను. ఎత్తు తగ్గించి, నీళ్ళకి దగ్గరగా వస్తాను. ఎందుకైనా మంచిది, ఫ్లోట్లు సిద్ధంగా పెట్టాను. వాటికేం ఢోకా లేదుగా? ఒకసారి షెడ్డుని అడిగి చెప్పండి."

రేడియో దగ్గరామె తల తిప్పి భూతద్దం వైపు చూసింది. పెద్దమేస్త్రి ఆయాసపడుతూ తలుపు పట్టుకుని నిలబడ్డారు. మైకు భూతద్దం ముందుకి జరిగింది.

ఆమె నోరు తెరిచింది.

ఏం చెప్పిందో, విన్న పైలట్ ఏం చేశాడో చెప్పడానికి ఈ వారం నాకిచ్చిన పేజీలు చాలవు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ మెషీనులో ఏడో సీట్లో, కిటికీ పక్కన, నారింజరంగు సూటులో ఒకాయన ఉన్నాడు. ఎర్రలైటు సంగతి ఆయనకి తెలియదు. ఒక అమ్మాయి తేలుతుంది అని చెప్పిన మాట నమ్మి, ఎక్కగానే పడుకుని, గడ్డం గుండెకి ఆనించి గుర్రుపెడుతూ ఉన్నాడు. భూతద్దాన్ని మీరెలాగూ మర్చిపోరు, పెద్దమేస్త్రిని తిట్టుకుంటూనో జాలిపడుతూనో తలుచుకుంటారు. ఈ వారమంతా మీ పనుల్లో మీరున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఆ వంటాయన్ని కూడా గుర్తుపెట్టుకోండి.